నెల్లూరు, ప్రకాశం చెరువుల్లో గాలం వేయడం ఎలా?

గాలం కొనక ముందే ఒకసారి ఉత్త చేతులతో చెరువు కట్ట మీదికి వెళ్లండి. తెల్లవారుజామున ఐదున్నరకల్లా అక్కడ ఉండాలి. ఎండ ఎక్కేదాకా నీళ్లను చూస్తూ కట్ట పొడవునా నడవండి. చేపలు పట్టడం నేర్పమని అడిగే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే. వాళ్లు ఏ రాడ్ కొనాలి, రీల్ ఎంతలో వస్తుంది అని అడుగుతారు. నేను మీ ఊరి చెరువులో లోతు ఎక్కడ, మెరక ఎక్కడ అని అడుగుతాను. చాలామందికి తెలియదు. పుట్టినప్పటి నుంచీ ఆ కట్ట మీదే తిరుగుతుంటారు గానీ నీళ్ల లోపల ఏముందో ఆలోచించి ఉండరు. చేప దొరకడం, దొరక్కపోవడం అక్కడే తేలిపోతుంది.

ముందు అడగండి

మన ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నీళ్లకు కొదవ లేదు. పెన్నా మీద 78 టీఎంసీల సోమశిల, దాని నుంచి కాలువలో నీళ్లు అందుకునే 68 టీఎంసీల కండలేరు, మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్ పెద్దవి. మన్నేరు మీద మోపాడు, రాళ్లపాడు ఉన్నాయి. నెల్లూరు చెరువు, సర్వేపల్లి, కనిగిరి రిజర్వాయర్ ఉన్నాయి. ఈ కనిగిరి ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి కాదు, బుచ్చిరెడ్డిపాళెం దగ్గరది. పేరు చూసి కొత్తవాళ్లు దారి తప్పుతుంటారు. ఇక కంభం చెరువు సంగతి వేరు. గుండ్లకమ్మకు అడ్డంగా కొండల మధ్య కట్టిన ఆ చెరువును 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. గాలం వేసినా వేయకపోయినా ఆ కట్ట మీద ఒక సాయంత్రం కూర్చుని రండి.

వీటిలో దేనిలోనైనా చేప ఊరికే పుట్టింది కాదు, ఎవరిదీ కానిది అంతకన్నా కాదు. బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), ఎర్రమోసు (మృగాల) గంగా మైదానపు చేపలు. నిలవ నీళ్లలో అవి గుడ్లు పెట్టవు. 1957లో కటక్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌదరి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి వాటితో గుడ్లు పెట్టించిన తర్వాతే చేపపిల్లలను కావలసినంత తయారుచేసి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. అంటే మీ ఊరి చెరువులో ఉన్న బొచ్చె కోసం ఎవరో డబ్బు పెట్టి పిల్లలు తెచ్చి వదిలారు. చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల చేతిలోనో, పంచాయతీ వేలంపాటలో పాడుకున్నవాళ్ల చేతిలోనో ఉంటాయి. రిజర్వాయర్లలో వేటకు మత్స్యశాఖ లైసెన్స్ ఇస్తుంది.

నా మొదటి ఏడాది ఈ సంగతి తెలియక ఒక చెరువులో అడగకుండా కూర్చున్నాను. రెండు కిలోల శీలావతి పడింది. సంబరంగా ఒడ్డుకు లాగుతుంటే కాపలా ఉన్న పెద్దాయన వచ్చాడు. అరవలేదు, కొట్టలేదు. "అబ్బయా, పిల్లలు తెచ్చి వదిలి ఎనిమిది నెలలు మేపుకున్నాం. అడిగుంటే నేనే చూపించి ఉందును గదా, యాడ కూర్చోవాలో" అన్నాడు. చేపను అక్కడే వదిలేసి వచ్చాను. ఆయన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మరుసటి వారం వెళ్లి అడిగాను. తూముకు ఎడమ పక్కన ఇరవై అడుగుల దూరంలో కూర్చోమన్నాడు. ఆ చెరువులో నాకు ఇప్పటికీ అదే చోటు.

కాబట్టి మొదటి పని: సంఘం పెద్దనో, పాట పాడినవాళ్లనో కలవండి. గాలంతో పట్టుకుంటాను, ఇంటి కూరకు మాత్రమే అని చెప్పండి. కొందరు ఊరికే ఒప్పుకుంటారు, కొందరు కిలోకు ఇంత అంటారు, కొందరు వద్దంటారు. వద్దంటే వద్దు. రిజర్వాయర్ అయితే మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. సోమశిల, కండలేరు చుట్టుపక్కల పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. ఆ హద్దు లోపలికి అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

ఇంకో గందరగోళం కూడా తీర్చుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల నిషేధం సముద్రానికి. చెరువులకు, రిజర్వాయర్లకు దానితో సంబంధం లేదు. కానీ వానాకాలంలో చేప గుడ్లు పెట్టే రోజుల్లో రిజర్వాయర్లకు వేరే నిషేధం ఉంటుంది. ఆ తేదీలు కూడా అదే కార్యాలయంలో కనుక్కోండి.

నీళ్లను చూడటం

ఇప్పుడు కట్ట మీది నడకకు వద్దాం. చెరువు ఏదైనా కట్ట వైపు లోతు, వాగు వచ్చి కలిసే వైపు మెరక. కట్ట పోసేటప్పుడు మన్ను చాలాసార్లు చెరువు లోపలి నుంచే తీసి ఉంటారు. అందుకని కట్టకు కొంచెం ఎడంగా గుంటలు ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండినప్పుడు వెళ్లి ఆ గుంటలు, తుమ్మ మొద్దులు, పాత కాలువ గాడి ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. చెరువు నిండాక ఆ ఫొటోలే మీకు మ్యాపు. నా అనుభవంలో ఇంతకన్నా పనికొచ్చిన సామాను లేదు. సోమశిలలో ఇలా చూడటం కుదరదు. అక్కడ నీళ్ల కింద ముంపు ఊళ్లే ఉన్నాయి. మొండి గోడలకు, చెట్ల మోళ్లకు గాలం తగులుకుంటే దారం తెంచుకోవడమే. స్థానిక మత్స్యకారులు చూపించిన చోటే వేయండి.

నీళ్ల మీద ఏం చూడాలో చెబుతాను. ఒకేచోట ఆగి ఆగి వచ్చే పెద్ద బుడగలు బురదలోని గాలివి, వాటిని పట్టించుకోకండి. సన్నని బుడగలు వరసగా వస్తూ మెల్లగా ముందుకు జరుగుతుంటే మాత్రం కింద ఎర్రమోసో, బంగారుతీగో (కామన్ కార్ప్) బురద కెలుకుతూ మేస్తున్నట్టు. నాచు అంచున 'గుబుక్' మని ఒక శబ్దం, ఆ వెంటనే ఒక సుడి కనిపిస్తే కొర్రమీను గాలి పీల్చుకుని కిందికి పోయింది. పది పదిహేను నిమిషాలు అక్కడే నిలబడండి, చాలాసార్లు అదే చోట మళ్లీ లేస్తుంది.

తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆడిస్తుంటే ఆకలితో అనుకోకండి. నాచు ఎక్కువగా ఉన్న చెరువుల్లో రాత్రంతా ఆ నాచే ప్రాణవాయువును వాడేస్తుంది. ఊపిరి ఆడక పైకి వచ్చిన చేప ఎర ముట్టదు. ఎండ వచ్చి గంట గడిచాక మొదలుపెట్టండి.

గాలిని కూడా చూడాలి. గాలి కొట్టుకెళ్లే ఒడ్డుకు నీటి పైపొరలోని సన్న మేత చేరుతుంది, దాని వెనకే బొచ్చెలు వస్తాయి. మొహానికి గాలి కొట్టే ఒడ్డున కూర్చోవడం కష్టమే, అయినా అక్కడే కూర్చోండి.

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడతాయి. చెరువుకు కొత్త నీళ్లు చేరుతున్నప్పుడు చేప కొత్తగా మునిగిన గడ్డిలోకి, మెరకకు వస్తుంది. నీళ్లు తగ్గుతున్నప్పుడు లోతుకు జరిగిపోతుంది. చలి ముదిరిన రోజుల్లో మేత తగ్గిస్తుంది. గాలం నేర్చుకోవడానికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా మంచి కాలం.

సామాను

దీని మీద ఎక్కువ చెప్పను. పది పన్నెండు అడుగుల వెదురు గెడతో మొదలుపెట్టండి. పెద్ద చేప కావాలంటే తర్వాత ఎనిమిది అడుగుల రాడ్, చిన్న స్పిన్నింగ్ రీల్, 0.35 మిల్లీమీటర్ల నైలాన్ దారం 100 మీటర్లు తీసుకోండి. గాలపు ముల్లుకు నంబర్ పెరిగే కొద్దీ సైజు తగ్గుతుంది. బొచ్చె, శీలావతికి 6 లేదా 8, పరిగెలకు 14, కొర్రమీనుకు 1/0 (ఇలా గీత, సున్నా ఉన్నది 1వ నంబర్ కన్నా పెద్దది). నీళ్ల మీద తేలుతూ చేప ముట్టినట్టు చూపించే బెండుకు నెమలి ఈక కాడ, లేదా పాత హవాయి చెప్పు నుంచి కోసిన ముక్క. అంతే.

ముడి మాత్రం ఇంట్లో వందసార్లు వేసి నేర్చుకోండి. దారాన్ని ముల్లు కంటిలోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కంటి దగ్గర మిగిలిన చిన్న సందులోంచి కొస బయటికి తీయండి. ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం బలం పోతుంది. పెద్ద చేపలు తెంపుకుపోయేది ఎక్కువగా ఇక్కడే.

లోతు కొలవడం

కొత్తవాళ్లు నిర్లక్ష్యం చేసేది ఇదొక్కటే. ముల్లుకు ఒక బరువైన సీసం ముక్క గుచ్చి, బెండును అందాజుగా ఒక చోట పెట్టి నీళ్లలో వేయండి. బెండు మునిగిపోయిందా, నీళ్లు మీరు అనుకున్నదానికన్నా లోతుగా ఉన్నాయి. బెండును పైకి జరపండి. బెండు నీళ్ల మీద పడుకుందా, దారం ఎక్కువైంది. కిందికి జరపండి. బెండు కొస మాత్రం నిలువుగా కనిపించినప్పుడు మీ ముల్లు సరిగ్గా నేలను తాకుతోంది. ఇప్పుడు సీసం తీసేయండి. ఆ చోట లోతు మీ చేతిలో ఉంది.

అక్కడి నుంచి ఏ చేపకు ఎంత ఎత్తులో ఎర పెట్టాలో చేప నోరే చెబుతుంది. బొచ్చెది పెద్ద తల, కింది దవడ పైకి తిరిగి ఉంటుంది. పైన మేస్తుంది. దాని కోసం బెండు నుంచి ముల్లు దాకా రెండు మూడు అడుగులు చాలు. శీలావతి పెదవులకు అంచున కుచ్చుల్లాంటివి ఉంటాయి. అది నడిమి నీళ్లలో తిరుగుతుంది. నేలకు అడుగు, అడుగున్నర పైన పెట్టండి. ఎర్రమోసు, బంగారుతీగ నోళ్లు కిందికి ఉంటాయి. వాటికి ఎర నేల మీద ఆనాలి. చేపల మార్కెట్‌కు వెళ్లినప్పుడు ఈ నోళ్లు పట్టి పట్టి చూడండి. అమ్మే ఆవిడను అడిగితే విసుక్కోకుండా చూపిస్తుంది.

ఎర

వానపాములకు దాదాపు అన్ని చేపలూ వస్తాయి. వంటింటి నీళ్లు పారే చోటో, పేడ దిబ్బ పక్కనో తవ్వితే దొరుకుతాయి. తడి మట్టి వేసిన డబ్బాలో నీడన ఉంచండి. అయితే వానపాము వేస్తే జెల్లలు, చిన్నాచితకా చేపలు ముందు వచ్చి కొరికేస్తాయి. బొచ్చె, శీలావతి కావాలంటే పిండి ముద్ద మేలు.

నేను చేసే పద్ధతి: రెండు గుప్పిళ్ల గోధుమపిండి, ఒక గుప్పెడు వేరుశనగ చెక్క పొడి, అర గుప్పెడు వేయించిన తవుడు, చిటికెడు మెంతిపొడి. నీళ్లు చిలకరిస్తూ చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా కలపాలి. ముద్ద సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే ఉసిరికాయంత తీసి గ్లాసు నీళ్లలో వేయండి. రెండు నిమిషాల్లో విడిపోతే పిండి చాల్లేదు. పావుగంటైనా రాయిలా ఉంటే గట్టిదైపోయింది. పది నిమిషాలకు అంచులు కరగడం మొదలైతే సరిగ్గా ఉన్నట్టు. బొచ్చెకు ఇంకా వదులుగా కలపాలి, ఎందుకంటే అది ముద్దను మింగదు, ముద్ద నుంచి రాలే పొడిని నీళ్లతో పాటు పీల్చుకుంటుంది.

గాలం వేసే ముందు తవుడు, చెక్క కలిపి బత్తాయంత ఉండలు నాలుగైదు చేసి ఒకే చోట వేయండి. ఒకే చోట అంటే ఒకే చోట, ఒక మంచం వెడల్పు దాటకూడదు. చెల్లాచెదురుగా వేస్తే చేపలూ చెల్లాచెదురవుతాయి. ఎక్కువ వేస్తే కడుపు నిండి మీ ముల్లు వైపు చూడవు. అరగంట ఆగండి. ఆ అరగంటలో ఫోన్ తీయకుండా బెండునే చూడటం అలవాటు చేసుకుంటే సగం విద్య వచ్చినట్టే.

బెండు భాష

బెండు వణుకుతూ ఉంటే చిన్న చేపలు కొరుకుతున్నాయి, లాగకండి. రెండుసార్లు ముక్కుతో పొడిచినట్టు కదిలి, మూడోసారి పక్కకు జారుతూ మునిగితే శీలావతి. అప్పుడు లాగాలి. ఎర్రమోసు నేల మీది ఎరను ఎత్తినప్పుడు బెండు పైకి లేచి పడుకుంటుంది. చాలామంది ఏమీ లేదనుకుని చూస్తూ ఉంటారు, కానీ అదే సమయం. లాగడమంటే భుజం తిప్పి గుంజడం కాదు, మణికట్టుతో ఒక్క విసురు. పెదవి చీలిపోతే చేప దక్కదు, దానికీ బాధే.

పడిన చేపను వెంటనే ఒడ్డుకు ఈడ్వకండి. రాడ్ పైకి నిలబెట్టి, అది పోతానన్నప్పుడు దారం వదులుతూ, ఆగినప్పుడు చుట్టుకుంటూ రావాలి. తుమ్మ మొద్దుల వైపు పోతుంటే మాత్రం రాడ్‌ను పక్కకు వంచి దారి మళ్లించండి. ఒడ్డుకు వచ్చాక తెల్లని పక్క చూపిస్తూ ఒరిగినప్పుడే చేతి వలలోకి తీసుకోండి. అరకిలో లోపు చేపలను నేను వదిలేస్తాను. వదిలే చేపను ముట్టుకునే ముందు చేయి తడుపుకోండి. పొడి చేతికి దాని జిగురు పొర ఊడి, తర్వాత పుండ్లు పడి చస్తుంది.

జెల్ల, ఇంగిలాయి పడితే జాగ్రత్త. వాటి రెక్కల ముళ్లు గుచ్చుకుంటాయి, ఇంగిలాయి ముల్లుకు విషం కూడా ఉంది. గుడ్డతో తలవైపు నుంచి పట్టుకోండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చేయి ముంచితే నొప్పి తగ్గుతుంది. వాపు ఎక్కితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

కొర్రమీను

గాలం పట్టిన ప్రతివాడి కల ఇదే. గుర్రపుడెక్క అంచున, తూటికాడ పొదల కింద, తామరాకుల సందుల్లో దాక్కుని ఉంటుంది. దీనికి బెండు అక్కర్లేదు. రబ్బరు కప్పను ఆకుల మీద వేసి, రెండు గెంతులు, ఒక ఆగడం, మళ్లీ రెండు గెంతులు అన్నట్టు లాక్కోవాలి. బతికున్న కప్పను గుచ్చడం పాత అలవాటు. నాకు అది నచ్చదు, రబ్బరు కప్పతోనూ చేప అంతే బాగా పడుతుంది. నీళ్లు పగిలినట్టు శబ్దమై కప్ప మాయమైనప్పుడు గుండె ఆగినంత పనవుతుంది. చేయి దానంతట అదే లాగబోతుంది. లాగొద్దు. మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి, దారం బిగిశాక లాగండి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినండి. వానాకాలంలో నీళ్ల పైన ఎర్రని పిల్లల గుంపు ఒక ముద్దలా కదులుతూ కనిపిస్తుంది. వాటి కిందే తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. ఆ గుంపు మీద కప్ప వేస్తే కొర్రమీను తప్పకుండా కొడుతుంది, ఆకలితో కాదు, పిల్లలను కాపాడుకోవడానికి. దాన్ని పట్టేస్తే ఆ గుంపు మొత్తం గంటలో జెల్లల పాలు, పక్షుల పాలు అవుతుంది. ఒక కూర కోసం వందల కొర్రమీనులను పోగొట్టుకోవడం. ఎర్ర గుంపు కనిపిస్తే గాలం చుట్టుకుని వేరే ఒడ్డుకు పోండి.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పడితే మాత్రం తిరిగి నీళ్లలో వదలకండి. మన దేశంలో దాని పెంపకం మీద నిషేధం ఉంది. చెరువులో చేరితే మిగతా చేపలను తినేస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోకుండా

తూము దగ్గర దిగకండి. పైన నీళ్లు కదలనట్టే ఉంటాయి, కింద లాగేస్తాయి. కలుజు (చెరువు నిండాక ఎక్కువ నీళ్లు బయటికి పోయే చోటు) పారుతున్నప్పుడు రాళ్ల మీద నాచు ఉంటుంది, అక్కడ నిలబడి గాలం వేసేవాళ్లను చూస్తే నాకు భయం. డ్యామ్ దిగువన గేట్లు ఎప్పుడు ఎత్తుతారో తెలియదు. గుండ్లకమ్మ రిజర్వాయర్ గేట్లు 2022లో ఒకటి, 2023లో ఇంకొకటి కొట్టుకుపోయాయి. నీటి బలం అంతటిది. కార్బన్ రాడ్‌లో కరెంట్ పారుతుంది, కాబట్టి కట్ట మీద కరెంట్ తీగలు ఉన్న చోట రాడ్ ఎత్తకండి. ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి కట్ట దిగిపోండి. బెండ్లు వరసగా తేలుతున్న చోట ఎవరిదో వల ఉంది, అటు గాలం వేయకండి.

మందు కలపడం, తూటాలు పేల్చడం 1897 నాటి చట్టం నుంచే నేరం. కరెంట్ పెట్టడం అంతకన్నా ఘోరం, చేపతో పాటు మనిషీ పోతాడు. ఎవరైనా అలా చేస్తుంటే సంఘం వాళ్లకు వెంటనే చెప్పండి.

ఇంటికి

పడిన చేపను ఎండలో సంచిలో పెట్టి మధ్యాహ్నం దాకా ఉంచకండి. వెంటనే చంపి, పేగులు, మొప్పలు తీసి, తడి గోనెపట్టలో చుట్టి నీడన పెట్టండి. ఐస్ ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో రాళ్ల ఉప్పు, పసుపు వేసి గరగరా రుద్ది మూడు నీళ్లలో కడిగితే చెరువు బురద వాసన పోతుంది. ఎర్రమోసుకైతే కాస్త మజ్జిగ కూడా పట్టించండి.

పులుసు సంగతి మీ అమ్మను అడగండి, నెల్లూరు ఇంట్లో దానికి నేను చెప్పేదేముంది. మామిడికాయ ముక్కలు పులుసు తెర్లేటప్పుడు వేయాలి, ముందే వేస్తే కరిగిపోతాయి. సాయంత్రం వండి మూతపెట్టి, పొద్దున్నే తినండి. రెండు గిన్నెలు వండి, ఒకటి తూము దగ్గర చోటు చూపించిన పెద్దాయన ఇంటికి పంపండి. వచ్చే వారం మళ్లీ ఆ కట్ట మీదికే కదా వెళ్లేది.